పసుపు కడిగిన శనివారాలు

మా ఉస్తాద్ పోయిన సంగతి నాకు అయిజ సంతలో తెలిసింది. రోళ్ళూ ఇసుర్రాళ్ళూ నేల మీద పరుచుకుని కూర్చున్నాను. పెద్దమందడి వైపు నుంచి ఎడ్ల కోసం వచ్చిన ఒకాయన నా రోలు మీద కాలు పెట్టి, చెప్పులో ఇరుక్కున్న ముల్లు తీసుకుంటూ అన్నాడు.

"ఏందిర, నీ జర్మను సాబు పోయిండంట గద. నీకు తెల్వదా?"

"ఎప్పుడు?"

"నాలుగు దినాలైతున్నట్టుంది. కాల్చిండ్రో పాతిపెట్టిండ్రో నాకేమెరుక? గీ రోలు జర లోతు తక్కువుంది సూడు."

మనిషి చచ్చిపోయిన కబురు, రోలు లోతు తక్కువన్న కబురు ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ముందు ఈ మనిషి మీద మండింది, తర్వాత పోయిన మనిషి మీద. ఆయన జర్మను కాదని నేను ఈ తాలూకాలో ఎంతమందికి చెప్పానో! చచ్చేదాకా చెప్పాను. చచ్చాక కూడా అదే పేరు.

ఈ చేతిరాత పత్రిక చదివే మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. నెత్తిన గొంగడి, కింద తెల్లోళ్ళ బూట్లు, మధ్యలో మోకాళ్ళ దాకా రాతి దుమ్ము. వారానికొకసారి పెద్దమందడి నుంచి వనపర్తి ఠాణాకు నడిచిపోయి వేలిముద్ర వేసి వచ్చేవాడు. మీరు ఆయన గురించి చెప్పుకునేవి రెండు మాటలు. ఒకటి, పిచ్చోడు. రెండోది, గుట్ట కింది బండి బాట పక్కన దొర తల్లి బొమ్మ చెక్కాడు. మొదటిదానికి నేను జవాబు చెప్పను, ఆయనతో ఏడేండ్లు పని చేశాక ఆ హక్కు నాకు లేదు. రెండోది మాత్రం అబద్ధం. ఆ రాయి దొర తల్లిది కాదు. ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను బడికి పోలేదు, దుకాణాల బోర్డులు చూసి, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఆయనది ఆస్ట్రియా. వియన్నా అనే పట్నం. జర్మనుల కొత్త సర్కారు వాళ్ళ దేశాన్ని మింగినప్పుడు ఒక ఉలుల సంచితో పారిపోయి వచ్చాడు. ఇక్కడికొచ్చాక యుద్ధం మొదలైంది. వాళ్ళను చూసి పారిపోయి వచ్చినోణ్ణి వాళ్ళ మనిషే అని మన ఠాణాలో రాసుకున్నారు. అందుకే వారం వారం ఆ వేలిముద్ర. సంతకం పెట్టడం వచ్చిన మనిషి చేత వేలిముద్ర వేయించుకునేవారు. ఎందుకని అడిగితే, సంతకం వాళ్ళకు చదవడం రాదట.

తన దేశంలో ఆయనకు చాలా పేరుండేది. మంచి పేరు కాదు. మొదటి పెద్ద యుద్ధంలో చచ్చిపోయిన సిపాయిల కోసం ఒక ఊరి చౌరస్తాలో బొమ్మ చెయ్యమన్నారట. ఊరోళ్ళు అడిగింది తుపాకీ ఎత్తిన వీరుణ్ణి. ఈయన చేసింది కూర్చుని బూటు విప్పుకుంటున్న సిపాయిని. కాలు వాచి బూటు ఊడి రావడం లేదు, పండ్లు బిగబట్టి లాగుతున్నాడు. ఊరు రెండుగా చీలింది. సగం మంది ఉమ్మేశారు. కొడుకులు పోయిన తల్లులు మాత్రం వచ్చి ఆ వాచిన కాలు పట్టుకుని కూర్చునేవారట. పత్రికలు రెండేండ్లు తిట్టుకున్నాయి. ఎవరో తారు పూశారు. ఈయన కడిగాడు. మళ్ళీ పూశారు. చివరికి కొత్త సర్కారు వచ్చి ఇలాంటి బొమ్మలు రోగమని చెప్పి సుత్తెలిచ్చి మనుషుల్ని పంపింది. ఈయన గుంపులో నిలబడి చూశాడు.

"గప్పుడు నీకేమనిపించింది ఉస్తాద్?" అని నేనడిగాను.

"పదిహేడు దెబ్బలు," అన్నాడు. "నేను లెక్కపెట్టిన. మంచి పనోడైతే నాలుగు దెబ్బలల్ల పలగ్గొడ్తడు. సుత్తె పట్టుడు తెల్వని గాడిదలు."

ఇట్లా ఉండేది ఆయన దుఃఖం.

ఆయన తెలుగు నేర్చుకున్నది రోడ్డు మీద కంకర కొట్టే మా దగ్గర. కాబట్టి తిట్లు ముందు వచ్చాయి, మాటలు తర్వాత వచ్చాయి. నన్ను మొదటిసారి చూసిందీ అక్కడే. నేను గద్వాల మనిషిని, మగ్గం ఇంట్లో పుట్టాను. మా అయ్యను మగ్గం గుంతలోనే ముసలివాణ్ణి చేసిన సావుకారితో కొట్లాడి వచ్చి, పెద్దమందడి దగ్గర రోడ్డు పనిలో పడ్డాను. ఈయన వచ్చి నేను పగలగొట్టిన రాయి ఒకటి తీసుకుని నాలుకతో నాకి, ఎండకు పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు రాయిని కొడ్తలేవ్. ఎవర్నో కొడ్తున్నవ్. ఎవర్ని?"

నేను సుత్తె మళ్ళీ ఎత్తాను. "ఎవర్నన్న కానీ. వాడు రాయిల లేడు. రేపు నా దగ్గరికి రా," అన్నాడు. అట్లా ఆయన దగ్గర పనికి కుదిరాను.

మెచ్చుకోవడం ఆయన వంశంలో లేదు. నేను నెల దినాలు కూర్చుని నున్నగా చేసిన రోలును చుట్టూ తిరిగి చూసి ఒకటే మాట అనేవాడు: "రాయి ముందే మంచిగుండె. నువ్వేం కలిపినవ్?" ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఇప్పుడు కూడా ఉలి ఎత్తితే చెవిలో వినిపిస్తుంది, చెయ్యి ఆగిపోతుంది, పని చెడుతుంది. జొన్న అంబలి చల్లగా తాగేవాడు, ఉల్లిగడ్డ ఆపిలు పండులా కొరికేవాడు, కాకుల్ని తన భాషలో తిట్టేవాడు. రాయికి చెవి పెట్టి ఉలి వెనక వేలితో తట్టి వినేవాడు, దవాఖానలో డాక్టరు రొమ్ము మీద తట్టినట్టు. ఆ తట్టడమేదో తన రొమ్ము మీద తట్టించుకున్నాడా అంటే లేదు. దగ్గేవాడు. దగ్గుతూ రాతిపొడి పీల్చేవాడు. మూతికి గుడ్డ కట్టుకో ఉస్తాద్ అంటే, "గుడ్డ కడ్తే వాసన తెల్వది" అనేవాడు. రాయికి వాసన ఏమిటని నేను కొట్లాడేవాణ్ణి. ఆ కొట్లాటలో నేను గెలిచి ఉంటే ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు.

ఇక రాయి సంగతి.

ఆయన్ని ఈ ఊరికి తెచ్చింది దొరే. పేరు రాయను, ఊళ్ళో అందరికీ తెలుసు. "కరువుల మా అమ్మ ఊరంతటికీ అంబలి పోసింది. గడి ముంగట ఆమె బొమ్మ నిలబెట్టాలె," అన్నాడు. ఉస్తాద్ ఆమె ఫొటో అడిగాడు. లేదు. ఎట్లుండేదని అడిగాడు. దొర చెప్పింది వింటే ఏ దేవత పటమైనా సరిపోతుంది. దాంతో ఈయన ఆ అంబలి తాగినవాళ్ళనే అడుగుదామని ఊరి మీద పడ్డాడు. వెనక నేను. ఒక ముసలాయన గోడకానుకుని కూర్చుని నవ్వాడు.

"దొరసాని పరదాల ఉండె సాబూ. మేమెట్ల జూస్తం? పోసింది లింగమ్మ గద."

"ఏ లింగమ్మ?"

"అగో, గా కంకర తట్ట మోసుకపోతున్నది."

గడిలో గింజలు దొరవి, మాట నిజమే. కాచిందీ పోసిందీ లింగమ్మ. పొద్దు పొడిచింది మొదలు గడి దర్వాజ దగ్గర నిలబడి కరువంతా పోసింది. కరువు పోయాక ఆమెను గడిలోంచి పంపేశారు. ఎందుకంటే మొహం మంచిగా లేదు, పొద్దున లేవగానే చూడలేం అన్నారట. చిన్నప్పుడు అమ్మోరు పోసి మొహమంతా గుంటలు. ముక్కు నడుమ అణిగిపోయి ఉంటుంది. ఉస్తాద్ ఆమె ఎదుట నిలబడి, నీ బొమ్మ చెక్కుతానన్నాడు.

"నన్నా? నీకు మతి ఉన్నదా సాబూ? నా మొహం జూసి కట్టుకున్నోడే పారిపోయిండు. రాయి పారిపోదా?"

"రాయికి కాళ్ళు లేవు," అన్నాడు ఈయన, నవ్వకుండా.

ఆమెను గుట్ట కింద నిలబెట్టి, చేతికి ముంత ఇచ్చి, అంబలి పోస్తున్నట్టు వంగమన్నాడు. తల ఎత్తమన్నాడు. ఆమె ఎత్తలేదు.

"తల ఎత్తు లింగమ్మక్కా! మొహం కావాలె నాకు."

"అంబలి పోసేటప్పుడు మొహం చూడొద్దు సాబూ. చిప్ప చూడాలె. మొహం చూస్తే ఎవరో ఎరుకైతది. ఎరుకైతే చెయ్యి ఆగుతది."

ఉస్తాద్ సుత్తె కింద పెట్టాడు. ఆ రోజు పని జరగలేదు. "ఇరవై ఏండ్లు బడిల సదివిన. గీ మాట ఎవ్వడు జెప్పలే," అని సాయంత్రం దాకా గొణిగాడు.

ఏడాది పట్టింది. మొహం తప్ప అంతా అయ్యాక దొర చూడటానికి వచ్చాడు. రాతిలో వంగిన మనిషి. ఎముకలు తేలిన మోచేతులు. పైకి దోపిన చీర. పగిలిన మడమలు, ఆ పగుళ్ళ కోసం ఉస్తాద్ రెండు నెలలు కూర్చున్నాడు. చేతిలో ముంత, కింద రాతిలోనే చెక్కిన ఒక చిప్ప. చిప్ప పట్టుకున్నవాడు లేడు. తల మీద కొంగు, కొంగు కింద మొహం ఉండాల్సిన చోట ఇంకా ముట్టని రాయి.

"గిది మా అమ్మనా? మా అమ్మకు కాళ్ళు పగుల్తయా?"

"అంబలి పోసిన మనిషి ఇది," అన్నాడు ఉస్తాద్.

దొర మొహం నల్లబడింది. కానీ పని మధ్యలో ఆపించడానికి ఆయనకు పరువు అడ్డమొచ్చింది. బేరానికి దిగాడు. "సరే తీయ్, కాళ్ళకు చీర కప్పుతం. మొహం మా అమ్మది పెట్టు. ముక్కుపుడక పెట్టు."

"పెట్ట."

"అయితే మొహం లేకుంటనే ఉండనీ!"

"ఉంటది," అన్నాడు మా మొండి ఉస్తాద్.

ఉండింది. గడి ముందుకు పోలేదు. బండి బాట పక్కన, చెక్కిన చోటే, మొహం లేకుండా నిలబడిపోయింది. ఊరంతా దీని మీద వాదులాడింది. బడి పంతులు ఇది శిల్పశాస్త్రానికి విరుద్ధమన్నాడు. సంతకు పోయేవాళ్ళు బండి ఆపి ఇదేం బొమ్మ, ఆడదానికి అందం లేదని నవ్విపోయేవారు. కంకర కొట్టే ఆడవాళ్ళు మాత్రం ఎండపొద్దు ఆ బొమ్మ నీడలో కూర్చుని సద్ది తినేవారు.

లింగమ్మ కూడా ఆయన మీద కోపంగానే ఉండేది. ఉండదా మరి? "మొండెం నాదంట, మొహం ఎవ్వరిది కాదంట. సగం జేసి ఇడిచిపెట్టిండు ముసలోడు. నేను సచ్చేలోపల జూసుకుంటనా కొడుకా?" అని నన్ను అడిగేది. నేను పోయి ఆయన్ని అడిగేవాణ్ణి. ఆయన కాకుల్ని తిట్టేవాడు.

తర్వాత ఒక ఏడు ఊళ్ళో అమ్మోరు వచ్చింది. పిల్లలు పోయారు. అటుగా పోయే ఒక బండాయన ఏమనుకున్నాడో, మొహం లేని ఆ రాతికి గుప్పెడు పసుపు మెత్తి పోయాడు. వాళ్ళ బిడ్డ బతికింది. ఇంకేముంది! మూడు శుక్రవారాలు తిరిగేసరికి ఆ రాతికి పేరు పెట్టారు, అంబలమ్మ అని. పసుపు, నూనె, కుంకుమ, పసుపు మీద కాటుకతో గుడ్లంత కండ్లు. కల్వకుర్తి వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని రావడం మొదలుపెట్టారు.

ఉస్తాద్‌కు పిచ్చెక్కినంత పనైంది. ప్రతి శనివారం పొద్దున్నే బకెట్టు, చీపురు పట్టుకుని పోయి అంతా కడిగేవాడు. నేను ఒకసారి వెంట పోయాను. పసుపు మెత్తేవాళ్ళలో పెద్దది రంగమ్మ అనే ముసలమ్మ. ఆమె అక్కడే కూర్చుని ఆయన కడగడం చూస్తోంది.

"మెల్లగ కడుగు సాబూ, అమ్మ కండ్లు మంటలేస్తయి."

"అమ్మ లేదు! రాయి ఇది! రాయి!"

"రాయే సాబూ. కాదని ఎవరన్నరు?"

ఆయన చీపురు విసిరికొట్టి నా వైపు తిరిగాడు. "అక్కడ తారు. ఇక్కడ పసుపు. వాళ్ళు కోపంతోని పూసిండ్రు, వీళ్ళు ప్రేమతోని పూస్తరు. కడిగేటోనికి ఒక్కటే కష్టం గద్వాలోడా!"

నేను నవ్వాను. దాంతో ఇంక నన్ను వెంట రానియ్యలేదు. ఆ తర్వాత శనివారాలన్నీ ఊరు లేవకముందే ఒక్కడే పోయేవాడు. నాకూ అదే నయమనిపించింది, వారానికి ఒక పూట తిట్లు తప్పాయి.

అన్నిటికన్నా వింత లింగమ్మది. తట్ట నెత్తిన పెట్టుకుని పోతూ పోతూ, తన రాతి కాళ్ళ ముందు తాంబాళం నిండా అన్నం పెట్టి మొక్కుతున్న వాళ్ళను చూసి ఆగేది. "నేను బతికుండంగనే నాకు బోనం పెడ్తున్నరు. అదేందో నా చేతికే ఇయ్యుర్రి, ఆకలైతుంది." వాళ్ళు ఆమెను పక్కకు జరగమని కసిరేవారు. నీడ పడుతోందట అమ్మ మీద!

ఇది చూసి ఊరుకోలేకపోయాను. ఒకనాడు ఉస్తాద్‌తో తెగేసి కొట్లాడాను. "మొహం చెక్కరాదు? నీకు పదిహేను దినాల పని. చెక్కితే గీ కాటుక కండ్లు పోతయి, లింగమ్మ పానం సల్లబడ్తది. ఎందుకు సతాయిస్తవ్ ముసల్దాన్ని?"

ఆయన దగ్గు ఆపుకుని అన్నాడు. "పూర్తయిన బొమ్మకు సుత్తెలు వస్తయి. సగం బొమ్మను ఎవడు పలగ్గొడ్తడు?"

"అంటే నీకు భయం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చేతిలో సుత్తెను గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. చివరికి తల ఎత్తకుండా "శనివారం రా" అన్నాడు.

నేను పోలేదు. బకెట్టు మోయించడానికి పిలుస్తున్నాడనుకున్నాను. రోళ్ళు బండిలో వేసుకుని గద్వాల పోయాను, అక్కణ్ణుంచి అయిజ. మూడు నెలలు అటువైపు తిరిగి చూడలేదు. తర్వాత ఆ ఎడ్లు కొనే మనిషి నా రోలు మీద కాలు పెట్టాడు.

గద్వాలలో రైలెక్కి, వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి, నడిచి ఊరు చేరేసరికి గురువారం పొద్దు వాలుతోంది. ఆయన్ని గుట్ట కింద పాతిపెట్టారు. తల ఎటు పెట్టాలని మనవాళ్ళు గంటసేపు తగువులాడారట. ఒకరు దక్షిణమన్నారు, ఒకరు పడమర అన్నారు, సాబులకు తూర్పేమో అన్నారు. ఆయన బతికినన్నాళ్ళూ ఏ దిక్కు దేవుణ్ణీ ఒప్పుకోలేదు. చివరికి లింగమ్మ తట్ట కింద పడేసి, "రాయి కనవడేటట్టు పెట్టుర్రి, ఇంకేం గావాలె వానికి?" అంటే అట్లాగే పెట్టారు. మొత్తం చావులో సరిగ్గా జరిగిన పని అదొక్కటే.

రాగానే ఇంకో కబురు. దొర తెల్లారి శుక్రవారమే రాతికి వెండి కండ్లు, ముక్కుపుడక పెట్టిస్తాడట. తల్లి పేరు చెక్కిన పలక నాటిస్తాడట. బండ్లు కట్టుకుని జనం వస్తుంటే దొరకు ఇన్నేండ్లకు ఆ పగిలిన మడమల్లో తల్లి కనపడింది! లింగమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. "మొండెం గూడ పోతుంది కొడుకా," అంది. అంతే.

ఆయన గుడిసెలోకి పోయాను. మంచం కింద పెట్టె. అందులో రెండు అంగీలు, పగిలిన బూటు ముక్క ఒకటి, రాతిది, చౌరస్తాలో సిపాయిది. దాని పక్కన గుడ్డలో చుట్టిన సన్న ఉలులు. చేత్తో పట్టుకుంటేనే నాకు అనుమానం వచ్చింది. అవి అరిగిపోయి ఉన్నాయి. మొనలు కొత్తగా సాన పట్టి ఉన్నాయి. బొమ్మల పని మానేసి రెండేండ్లయిందని చెప్పుకున్న మనిషి ఉలులు ఎందుకరిగాయి? ఆలోచించడానికి ఓపిక లేక పెట్టె మూసేశాను.

శుక్రవారం పొద్దు పొడవగానే ఆయన బకెట్టు, చీపురు తీసుకుని బాట దగ్గరికి పోయాను. నేను దొరను ఆపలేనని నాకు తెలుసు. ఆయన పనుల్లో నాకు చేతనైనది ఆ కడగడం ఒక్కటే, అందుకని పోయాను. పోయేముందు మూడు వారాలు దగ్గుతో మంచం పట్టి ఆయన రాలేదట, పసుపు బొటనవేలు మందం పేరుకుంది. నూనెతో కలిసి పెచ్చు కట్టింది. వెదురు పుల్లతో గీకుతూ నీళ్ళు పోశాను. కాటుక కండ్లు జారిపోయాయి. ఇంకో బకెట్టు పోశాను. పుల్లకు ఏదో తగిలింది.

ముక్కు. నడుమ అణిగిన ముక్కు.

చేత్తో తుడిచాను. కిందికి వాల్చిన రెప్పలు. మూసిన పెదవులు. చెంపల మీద చిన్న చిన్న గుంటలు, వందలు, ఒక్కొక్కటి సన్న ఉలి మొనతో ఒక్క దెబ్బ. కొంగు నీడలో లింగమ్మ తల వంచుకుని చిప్పలోకి చూస్తోంది.

ప్రతి శనివారం! పసుపు కడగడానికి పోయేది పసుపు కడగడానికి కాదు. కడిగినప్పుడల్లా కొంచెం చెక్కి వచ్చేవాడు. మంగళవారానికి ఆడవాళ్ళు మళ్ళీ పసుపు మెత్తి ఆయన పనిని లోకానికి కనపడకుండా దాచిపెట్టేవారు. అరిచేవాడు, చీపురు విసిరేవాడు, అంతా చేసి వాళ్ళ పసుపు చాటునే పని పూర్తి చేశాడు. నాకొక్కమాట చెప్పలేదు. "శనివారం రా" అన్నాడు, అంతే. ఇంకొక్క ముక్క కలిపితే ఏం పోయేది? నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. కోపంతోనే వచ్చింది, ఇప్పటికీ కోపంగానే ఉంది.

వెనక నుంచి రంగమ్మ గొంతు. చేతిలో పసుపు గిన్నె. "సూసినవా మల్ల?"

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుక లేకేంది బిడ్డా? చేతులతోని పూసేది మేమే గద. ముందుగాల ముక్కు తగిలింది. ఆనక పెదవి. పోయిన ఎండాకాలం రెప్పలొచ్చినయి. అమ్మ రాయిలకెల్లి వెలుస్తున్నదనుకున్నం."

"మరి సాబుకు చెప్పరాదా?"

"అయ్యో, చెప్తే పలగ్గొడ్తడని భయపడ్తిమి! రాయి రాయని ఒర్రుతుండె గద. అందుకే ఎక్కువెక్కువ పసుపు మెత్తినం, ఎంత కడిగినా అడుగుపొర ఉండి వానికి కనవడొద్దని."

విన్నారా? వీళ్ళు పలగ్గొడతారని ఆయన వీళ్ళకు చెప్పలేదు. ఆయన పలగ్గొడతాడని వీళ్ళు ఆయనకు చెప్పలేదు. ఇన్నేండ్లు రెండు పక్కలా ఆ మొహాన్ని కాపాడుకున్నారు, ఒకరి నుంచి ఒకరు. మధ్యలో నేనొక్కణ్ణి మొహం లేదని ఊరూరా మొత్తుకుంటూ తిరిగాను.

పొద్దెక్కాక గడి గుమాస్తా వచ్చాడు. వెంట వెండిపని చేసే అవుసలాయన, తమలపాకులో వెండి కండ్లు. అప్పటికే జనం చేరారు. అవుసలాయన కొంగు కింద తల పెట్టి చూశాడు, వేలితో తడిమాడు, బయటికి వచ్చాడు.

"కండ్లు పెట్టనీకె జాగ లేదయ్యా. రెప్పలు వాల్చింది. కిందికి జూస్తుంది."

"ముక్కుపుడకన్న పెట్టు."

"ముక్కేది? అణిగింది."

గుమాస్తా తనే వంగి చూశాడు. సరిగ్గా అప్పుడే లింగమ్మ తట్ట ఎత్తుకుని బాట మీద వచ్చింది. గుంపు చూసి ఆగింది, రాతి పక్కనే. తట్ట బరువుకు ఆమె తల కూడా వంగి ఉంది. గుమాస్తా రాతిని చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ రాతిని చూశాడు. ఒకప్పుడు గోడకానుకుని నవ్విన ఆ ముసలాయన గుంపులోనే ఉన్నాడు.

"దొరసానికి అమ్మోరు పోసినట్టు మేమెన్నడు వినలే గుమాస్తా సాబ్. ఎప్పుడు పోసింది?"

ముందు ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత అంతా నవ్వారు. గుమాస్తా కండ్లను తమలపాకులో మళ్ళీ మడుచుకుని, "దొరకు చెప్త, దొరకు చెప్త" అనుకుంటూ పోయాడు.

లింగమ్మ తట్ట దించింది. రాతి దగ్గరికి పోయి దాని చెంప మీద వేళ్ళు పెట్టింది, తర్వాత తన చెంప మీద. మళ్ళీ దాని చెంప.

"గిన్ని ఉన్నయా నాకు? లెక్కవెట్టిండా ఏంది ముసలోడు?" అంది. మళ్ళీ దాని ముక్కు తడిమి, "ముక్కు మాత్రం జర నయం జేసిండు. అబద్ధాలకోరు," అంది.

ఏడేండ్లలో ఆయన రాయి మీద అబద్ధం కొట్టడం నేను చూడలేదు. వంగి చూశాను. నిజమే, వెంట్రుక వాసి నయం చేశాడు. రాయి ముందే బాగుంది, నువ్వేం కలిపావు ఉస్తాద్ అని అడుగుదామంటే ఇప్పుడు మనిషి లేడు.

దొర ఇంకా రాలేదు. రేపు సుత్తెలే పంపుతాడో, ఏం చేస్తాడో తెలియదు. నేను అయిజకు తిరిగి పోలేదు, రోళ్ళు ఇక్కడే కొట్టుకుంటున్నాను. మీరు ఆ బాటన పోతే బండి ఆపి చూడండి. చూసి ఎవరి మొహమో నలుగురికి చెప్పండి. నేను అడిగేది ఇంతే. ఇంతమంది చూసిన మొహాన్ని పలగ్గొట్టడం కష్టం.

రంగమ్మకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? మొన్న మంగళవారం మళ్ళీ మెత్తింది. లింగమ్మ పక్కన నిలబడి "నేను సచ్చినంక మెత్తుర్రి" అని మొత్తుకుంటున్నా వినలేదు. శనివారం బకెట్టు తీసుకుని పోయాను. ఎంత రుద్దినా ఆ గుంటల్లో పసుపు పోవడం లేదు, నల్లరాతి చెంపల మీద చుక్కలు చుక్కలుగా ఉండిపోయింది. విసుగొచ్చి చీపురు పక్కన పెట్టాను. కడిగిన నీళ్ళు కొంగు మీంచి, గడ్డం మీంచి జారి ఒక్కొక్క బొట్టే కింది రాతి చిప్పలో పడుతున్నాయి. ఒక పిచ్చుక వచ్చి చిప్ప అంచున వాలి తాగుతోంది. రాతి లింగమ్మ దాని వైపు చూడటం లేదు. చిప్ప నిండిందా లేదా అని చూస్తోంది.